ఓడిపోతారని రాసిపెట్టమన్న ఊరు

నా పదవీ విరమణకి పెట్టిన ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న, మన కాలేజీ వాలీబాల్ జట్టు 'కొంగల' అభిమాన సంఘం అధ్యక్షులు వెర్లిన్ కౌపా గారికి, కాలేజీ తరఫున వచ్చిన పెద్దలకు, కార్వర్ కూరియర్ పత్రికలో నాతో ఇన్నేళ్ళూ చల్లారిన కాఫీ, వేడివేడి కోపం పంచుకున్న మిత్రులకు, వేయించిన కోడిముక్కలు తింటూ మధ్యమధ్యలో నావైపు అనుమానంగా చూస్తున్న వాలీబాల్ అభిమానులందరికీ, ఆ చివరి బల్ల దగ్గర కూర్చుని "ఈవిడ ఎప్పుడు ముగిస్తుందిరా దేవుడా" అని గోడ గడియారం చూసుకుంటున్న మా ఆయన డ్వేన్‌కి ఆర్లిస్ వోండ్రా నమస్కారాలు.

ఇందాక వెర్లిన్ గారు నా గురించి చెప్పిన మంచి మాటలు విని, వేదిక మీద నా పక్కన ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను. (నవ్వులు) ఎందుకంటే నన్ను వాలీబాల్ నుంచి తప్పించి మొక్కజొన్న ధరల పేజీకి పంపించమని ఊరంతా తిరిగి సంతకాలు సేకరించి మా ఎడిటర్ చేతిలో పెట్టిన మహానుభావుడు ఈయనే. మొదటి సంతకం ఈయనది. రెండో సంతకం ఎవరిదో చెప్పను, ఆ మనిషితో కాపురం చేస్తున్నాను. (నవ్వులు) డ్వేన్, లేవకు, నిన్నెవరూ పిలవలేదు.

నిజానికి ఇవాళ్టి కోసం చక్కని ప్రసంగం ఒకటి తయారు చేసుకుని వచ్చాను. అందులో అందరి పేర్లూ ఉన్నాయి, అందరికీ కృతజ్ఞతలూ ఉన్నాయి. కాని ఇందాక భోజనాల వరసలో నిలబడి ఉండగా ఒక అమ్మాయి నాతో ఒక మాట అంది. దానితో ఆ ప్రసంగం నా సంచీలోనే ఉండిపోయింది. ఆ మాటేమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఓపిక పట్టండి. పళ్ళగుజ్జు పెట్టిన ఆ కొలాచీ రొట్టెలు ఇంకా మిగిలే ఉన్నాయి, మాట్లాడుతుండగా తినండి, నేనేమీ అనుకోను.

చిన్నప్పటి నుంచీ నాకొక జబ్బు ఉంది, ఏది చూసినా "ఎందుకు" అని అడగడం. పత్రికలో చేరాక ఆ జబ్బుకి జీతం కూడా ఇచ్చారు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా వేధించిన "ఎందుకు" మీ గురించే. శనివారం సాయంత్రం ఊరు ఊరంతా కాలేజీ జిమ్‌లోనే ఉంటారు. ఆట కళ్ళారా చూస్తారు, గొంతు పోయేదాకా అరుస్తారు, దారి పొడుగునా దాని గురించే మాట్లాడుకుంటూ ఇంటికి వెళతారు. మర్నాడు పొద్దున్నే అదే ఆట గురించి నేను రాసింది మళ్ళీ చదువుతారు. చూసేశారు కదా, ఎందుకు చదవడం? ఇది వెర్లిన్ గారినే అడిగాను ఒకసారి, ఈయన ధాన్యం గిడ్డంగి దగ్గర.

"నేను అరుస్తూ చూస్తాను కదమ్మా," అన్నాడు. "అరిచేవాడికి ఆట సగమే కనపడుతుంది. నువ్వు నోరు మూసుకుని కూర్చుంటావు కాబట్టి మిగతా సగం నీ దగ్గర ఉంటుంది. దానికోసం చదువుతాను."

"మరైతే నన్ను తీసెయ్యమని సంతకాలెందుకయ్యా సేకరించావు?"

"ఆ మిగతా సగం అంత చేదుగా ఉంటుందని నాకేం తెలుసు!" (నవ్వులు) వెర్లిన్ గారూ, నవ్వకండి, ఈ మాట మీదే.

నోరు మూసుకుని కూర్చోవడం అంత తేలికేం కాదు. విలేకరుల బల్ల కోర్టుకి పక్కనే ఉంటుంది, అభిమానుల మొదటి వరసకి సరిగ్గా ముందు. ఆట మొదలయ్యే ముందు మైకులో చెబుతారు, మీరంతా వేలసార్లు విన్నదే: ఈ బల్ల దగ్గర కూర్చున్నవారు చప్పట్లు కొట్టరాదు, కేకలు వేయరాదు, జట్టు రంగు బట్టలు వేసుకోరాదు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడదానికి ఎరుపు వేసుకోవద్దంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా అత్తగారు, ఆవిడ ఆత్మకి శాంతి కలుగుగాక, పంతం కొద్దీ ప్రతి క్రిస్మస్‌కీ నాకొక ఎర్ర స్వెట్టరు అల్లి ఇచ్చేది. "ఏమే, నీకు చేతులున్నాయా లేవా? జిమ్ అంతా దద్దరిల్లిపోతుంటే నువ్వొక్కదానివీ శవం దగ్గర కాపలా కూర్చున్నట్టు కూర్చుంటావేమే? ఊళ్ళో నా పరువు తీస్తున్నావు!" అనేది. వెర్లిన్ గారి సీటు నా వెనకే. నా మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గరగా వంగి, "కొంగజపం చెయ్యకు ఆర్లిస్, నీ మనసంతా చేప మీదే ఉందని మాకు తెలుసులే," అనేవాడు.

ఉండేదయ్యా, ఉండేది! లేదని ఎవరన్నారు? బంతి నెట్టు మీద తగిలి ఎటు పడుతుందో తెలియని ఆ క్షణంలో నా గుండె మీ అందరికంటే గట్టిగా కొట్టుకునేది. అందుకే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆట అయిపోయాక ఆ చేతులు తిమ్మిరెక్కి టైపు చెయ్యడానికి వచ్చేవి కావు. గుండె ఎటు కొట్టుకున్నా రాసేటప్పుడు మాత్రం బంతి ఎటు పడిందో అటే రాయాలి. అంతకుమించి ఈ వృత్తిలో నేను నేర్చుకున్న పెద్ద విద్య ఏమీ లేదు.

ఇక గురువారం గడి సంగతి. గురువారం పత్రికలో నాలుగు గీతల మధ్య "ఆర్లిస్ అంచనా" అని వేసేవారు. శనివారం ఎవరు గెలుస్తారు, ఎన్ని సెట్లలో గెలుస్తారు, ఎందుకు గెలుస్తారు. ఆ "ఎందుకు" దగ్గరే నా కష్టమంతా ఉండేది. మీరు మాత్రం పైన పేరు చూసి, పక్కన అంకె చూసి, తిట్టి, పేజీ తిప్పేసేవారు.

ఆ సంవత్సరం మీ అందరికీ గుర్తుంది. సీజను మొదట్లో వరసగా పెద్ద పెద్ద జట్లు వచ్చాయి. కొంగలు ఓడతారనుకున్నాను, ఓడతారనే రాశాను. గెలిచారు. మళ్ళీ ఓడతారని రాశాను. మళ్ళీ గెలిచారు. ఇంకోసారి, ఇంకోసారి, అదే తంతు. అప్పుడొక బక్క జట్టు వచ్చింది. వీళ్ళ మీద గెలవకపోతే ఇంకెవరి మీద గెలుస్తారులే అని, గెలుస్తారని రాశాను. ఓడిపోయారు. ఇంకేముంది! ఆర్లిస్ ఓడతారంటే గెలుపు, గెలుస్తారంటే ఓటమి అని ఊరంతా తీర్మానం అయిపోయింది.

మర్నాటి నుంచి నా బల్ల మీద కొలాచీలు ప్రత్యక్షం. ఎండు ప్లమ్‌పళ్ళవి, గసగసాలవి, చెర్రీపళ్ళవి. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ నాకు మంచినీళ్ళు ఇవ్వని మనుషులు పళ్ళేలు పట్టుకుని వరస కట్టారు. వెర్లిన్ గారైతే టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆర్లిస్ తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది, శనివారం మనవాళ్ళు ఓడిపోతారని రాసిపెట్టు."

"ఓడిపోతారని నాకు అనిపిస్తే రాస్తాను."

"అనిపించుకో అమ్మా! కాస్త ప్రయత్నం చేస్తే ఎందుకు అనిపించదు?" (నవ్వులు)

పాస్టరు గారు ఆదివారం చర్చి మెట్ల మీద నన్ను ఆపి, "నేను ఇలాంటి మూఢనమ్మకాలు నమ్మనమ్మా, వాటికి వ్యతిరేకంగా బోధిస్తాను కూడా. అయినా ఎందుకైనా మంచిది, ఓ మాట..." అన్నారు. పాస్టరు గారూ, తల దించుకోకండి, మీరొక్కరే కాదు.

నాకు కోపం రాలేదు, వింతగా అనిపించింది. ఓడతారని రాస్తే ఇన్నేళ్ళూ నన్ను తిట్టిన ఊరు ఇప్పుడు గెలుస్తారని రాస్తే కొట్టేట్టుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాని నాకేం ఇబ్బంది రాలేదు, నాకు ఏది తోస్తే అదే రాస్తూ పోయాను. అదృష్టమో ఏమో, చాలావరకు పెద్ద జట్లే వచ్చాయి, ఓడతారనే తోచింది.

అలా అలా మన జట్టు ఫైనల్‌కి వచ్చింది. మన జిమ్‌లోనే, గ్రాండ్ మెడో కాలేజీ మీద. కోచ్ జోలీన్ టెప్లీకి కాలేజీ వాళ్ళు ముందే చెప్పేశారు, ఈసారి కప్పు రాకపోతే కొత్త కోచ్‌ని చూసుకుంటామని. ఆ సంగతి ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. జోలీన్, నేనూ ఒకే బడిలో, ఒకే జట్టులో ఆడిన వాళ్ళం. ఆమె నెట్టు దగ్గర ఉండేది, నేను ఎక్కువగా బెంచీ మీద ఉండేదాన్ని. (నవ్వులు)

ప్రాక్టీసు మొదట్లో పావుగంట విలేకరుల్ని లోపలికి రానిస్తారు. ఆ వారం అంతా వెళ్ళాను, చూశాను. బుధవారం మధ్యాహ్నానికి నాకు స్పష్టంగా తెలిసిపోయింది, ఈ పిల్లలు గెలుస్తారు. నాలుగు సెట్లలో.

ఆ సాయంత్రమే జోలీన్ మా ఆఫీసు వెనక కార్లు నిలిపే చోటికి వచ్చింది.

"ఏం రాస్తున్నావు?" అంది.

"రేపు పేపర్లో చూసుకో."

"గెలుస్తామని రాస్తున్నావు కదూ? నీ మొహమే చెబుతోంది. ఇదిగో చూడు, నేను నమ్మను ఆర్లిస్. పిల్లలు నమ్ముతారు. గెలుస్తున్నంతకాలం మేజోళ్ళు ఉతుక్కోని పిల్లలు వాళ్ళు, ఏం చెప్పను! నువ్వు గెలుస్తారన్నావని తెలిస్తే వాళ్ళకి కాళ్ళు వణుకుతాయి. ఒక్క మాట మార్చు. ఎవరికి నష్టం చెప్పు?"

"చదివేవాళ్ళకి."

"చదివేవాళ్ళే కదే అడుగుతున్నది! ఊరంతా నీ కాళ్ళు పట్టుకుని అబద్ధం రాయమంటుంటే, నువ్వెవరికోసమే ఈ నిజం రాస్తున్నావు?"

ఎంతోమంది పెద్దవాళ్ళు రాసినవి చదివాను, నిష్పక్షపాతం గురించి. పక్షం వహించమని చదివేవాళ్ళే అడిగితే ఏం చెయ్యాలో వాళ్ళెవరూ చెప్పలేదు. నాకు తోచింది ఒక్కటే అన్నాను: "జోలీన్, నువ్వడిగావని ఇవాళ ఒకటి రాస్తే, ఇన్నాళ్ళూ రాసినవి కూడా ఎవరో అడిగితే రాసినవే అయిపోతాయి."

"నా ఉద్యోగం ఆర్లిస్," అంది జోలీన్. కారెక్కి వెళ్ళిపోయింది.

గురువారం గడిలో "కొంగలు, నాలుగు సెట్లలో" అని వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో డ్వేన్ నాతో మాట్లాడలేదు, ఉప్పు అందించమని కుక్కతో చెప్పాడు. (నవ్వులు) శనివారం మనవాళ్ళు ఐదో సెట్టులో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. బంతి ఎక్కడ పడిందో నేను చూశాను, పడినచోటే రాశాను. నెల తిరక్కుండా జోలీన్ ఇల్లు ఖాళీ చేసి దక్షిణ డకోటాలో ఏదో హైస్కూలుకి వెళ్ళిపోయింది. రేడియోలో ఫోన్లు చేసి మరీ అన్నారు, "అంతా ఆర్లిస్ పుణ్యమే" అని. వెర్లిన్ గారు ఒక సీజను మొత్తం నా వెనక సీటు ఖాళీగా వదిలి అవతలి వైపు కూర్చున్నారు. మెడ మీద ఆ ఊపిరి లేకపోతే ఆట చూసినట్టే ఉండేది కాదు నాకు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. తిట్లు నాకు అన్నం పెట్టిన వృత్తిలో భాగమే. ఓర్చుకోలేనిది ఒక్కటే, నాకు నేను వేసుకున్న ప్రశ్న. నా గడి చదివి ఆ పిల్లలు నిజంగానే బెదిరిపోయారా? నా రాత వల్లే జోలీన్ ఉద్యోగం పోయిందా? ఊళ్ళో ప్రతివాడి నోట్లో వేలు పెట్టి "ఎందుకు" అని అడిగినదాన్ని, ఆ పిల్లల్ని మాత్రం అడగలేకపోయాను. అవునంటే ఏం చేసుకోను?

ఇప్పుడు భోజనాల వరస దగ్గరికి వద్దాం. నా ముందు బ్రియెల్ ఓస్టర్‌మన్ నిలబడి ఉంది. అప్పట్లో నెట్టు దగ్గర బంతిని కొట్టేవాళ్ళకి అందించిన అమ్మాయి. ఇప్పుడు బడిలో పిల్లలకి ఆటలు నేర్పుతోంది. చంకలో బిడ్డ. ఎలాగూ ఉద్యోగం అయిపోయింది కదా, ఇంకా భయమెందుకని అడిగేశాను.

"ఆ రోజు నా గడి చూసి మీకు భయం వేసిందా అమ్మా?"

బ్రియెల్ నన్ను వింతగా చూసింది. "అదేంటండీ, మీకు తెలీదా? మేం మీ గడి చూడనే లేదు. ఫైనల్ వారం ఫోన్లూ పేపర్లూ మా దగ్గర లేకుండా తీసేసుకునేవారు కదా. కోచ్ మీ గడి పైకి చదివి వినిపించింది. 'ఐదు సెట్లలో ఓడిపోతారు' అని చదివింది. మేం బెంచీలెక్కి గంతులేశాం, ఇంక కప్పు మనదే అని! ఆట అయ్యాకే తెలిసింది మీరు రాసింది వేరే అని. అప్పటికే కోచ్‌ని తీసేస్తున్నారు, అందుకని ఎవరం నోరు విప్పలేదు. మీకు ఆవిడే చెప్పి ఉంటుందనుకున్నాం."

చేతిలో బంగాళాదుంపల గరిటె అలాగే ఉండిపోయింది. వెనకనుంచి డ్వేన్ "కదులు, కదులు, ఆకలి" అంటున్నాడు. నాకేమో ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా మాట కోర్టులోకి అడుగే పెట్టలేదు! ఆ పిల్లలు నిండు ధైర్యంతో, అదృష్టం తమ జేబులోనే ఉందన్న నమ్మకంతో ఆడి ఓడిపోయారు. గ్రాండ్ మెడో ఆ రోజు రెండు పాయింట్లు బాగా ఆడింది, అంతే.

ఆ వెంటనే కోపం వచ్చింది, దాచను. జోలీన్ టెప్లీ, అంత దూరం నుంచి కారు నడుపుకుని వచ్చి ఆ మూడో వరసలో కూర్చున్నావు. ఇన్నేళ్ళూ ఊరంతా నన్ను తిడుతుంటే నీకు తెలుసు. నా పేరు పెట్టి నేను రాయనిది చదివావు. నేను పదవీ విరమణ చేశాను కాబట్టి ఇదే నా ఆఖరి ప్రశ్న అనుకో. ఎందుకు చెప్పలేదే నాకు? లే, లేచి చెప్పు.

(జోలీన్ టెప్లీ తన చోటనే లేచి నిలబడి మాట్లాడారు.)

మైకు లేదు కదా, వెనకవాళ్ళకి వినపడలేదంటున్నారు. సరే, ఆమె ఏమన్నదో అన్నది అన్నట్టు నేను చెబుతాను. జోలీన్, తప్పు చెబితే ఆపు.

మొదటి మాట, తనకి నామీద ఇంకా కోపం పోలేదట. స్నేహితురాలు అడిగితే ఒక్క మాట మార్చనిదాన్ని, రాతి మనిషినట. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. (నవ్వులు) రెండోది, అప్పుడు చెబితే "నీ నాటకం వల్లే ఓడిపోయాం" అని ఊరు తన మీద పడుతుందని భయపడిందట. ఆ తర్వాత సిగ్గుపడిందట.

మూడోది ఇది. ఆ గురువారం పొద్దున కార్లో కూర్చుని నా గడి చదివిందట, కింద రాసిన "ఎందుకు"తో సహా. తన పిల్లల గురించి అలాంటి మాటలు ఎవరూ రాయలేదట, అందులోనూ నేను. తర్వాత లోపలికి వెళ్ళి వేరేది చదివిందట. "ఆ పిల్లలకి అదృష్టం వినిపించి, వాళ్ళు ఎంత మంచి ఆటగాళ్ళో చెప్పిన మాట దాచేశాను. నాకు నిద్రపట్టనిది అబద్ధం ఆడినందుకు కాదు, దానికి," అంది. ఆమె మాటలు ఇంతే. సరిగ్గా చెప్పానా? (జోలీన్ తల ఊపారు.) సరే, కూర్చో.

నువ్వు నన్ను రాయి అన్నావు. మరి రాయికి కళ్ళలో నీళ్ళెందుకు వస్తున్నాయో, ఇదీ అడగాల్సిన ప్రశ్నే. భోజనం మళ్ళీ మొదటినుంచి పెట్టించుకో, మా ఇంట్లోనే పడుకుందువుగాని. మిగతా పోట్లాట అక్కడ.

వెర్లిన్ గారికి, సంఘానికి, ఇన్నేళ్ళూ తిడుతూనైనా నన్ను చదివిన మీ అందరికీ, సంతకాలు పెట్టిన చేతులతోనే ఇవాళ ఈ శాలువా కప్పినందుకు కూడా, మనసారా కృతజ్ఞతలు. ఇంకొక్క నిమిషం ఓపిక పట్టండి, ఇది మీకు కాదు.

బ్రియెల్, బిడ్డని డ్వేన్‌కి ఇచ్చి ఇటు తిరుగు. నీతోపాటు ఆడినవాళ్ళు ఇంకా ముగ్గురు కనపడుతున్నారు, మీరూ వినండి. ఓడిపోయాక గురువారం పేపరు వెతికి చదివేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి, ఆ గడి కింద ఏముందో మీకు తెలియదు. నాకు కంఠతా వచ్చు. "ఓస్టర్‌మన్ బంతి అందించే వేగం ఈ లీగులో మరెవరికీ లేదు. మధ్యలో ఆడే ఇద్దరూ తొందరపడి ఎగరడం మానేసి ఆగడం నేర్చుకున్నారు. అది నేర్చుకోవడానికి చాలామందికి చదువు పూర్తయిపోతుంది. ఇంత మంచి జట్టుని ఈ జిమ్‌లో నేను ఇంతవరకు చూడలేదు." ఇంతే. మీరు ఓడిపోయిన మర్నాడు పొద్దున ఈ నాలుగు వాక్యాలూ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను, ఏం తప్పు రాశానా అని. అంకె తప్పింది. వీటిలో మాత్రం కొట్టెయ్యాల్సిన మాట ఒక్కటీ కనపడలేదు. అది మీకోసం రాసింది కాదు, ఊరికోసం రాసింది. కాని ఆ గదిలో ఆ పూట మీరు వినాల్సింది అదే. ఇప్పుడు విన్నారు.

నాకిక సెలవు.